రాకాసి మట్టలకు నీళ్ళు

దాహం తెలియని మొక్కను నీళ్ళు పోసి చంపిన ఘనత నాది. గోదావరిఖనిలో ఇరవై ఎనిమిదేళ్ళు నౌకరీ చేశాను. అందులో సొంతంగా సాధించింది ఏమైనా ఉంటే అదొక్కటే. మిగతావన్నీ పైవాళ్ళు చెప్పగా చేసినవి, లేదంటే కిందివాళ్ళు చేయగా నేను సంతకం పెట్టినవి.

ఎనభైల చివరి సంగతి. బొగ్గు గనుల కంపెనీ ఏరియా ఆఫీసులో నేను సూపర్‌వైజర్‌ని. రోడ్లు, మోరీలు, క్వార్టర్ల గోడలు పలుకుబడి ఉన్నవాళ్ళు పంచుకోగా తోటలు నాకు మిగిలాయి. తోటలంటే మరీ గొప్పగా ఊహించుకోవద్దు. ఆఫీసు ముందు ఒక పచ్చగడ్డి జాగా, దాని చుట్టూ సున్నం కొట్టిన రాళ్ళు, అంతే. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ అయ్యాక నల్లటి పొడి లేచి, గాలి ఎటు ఉంటే అటు వెళ్ళేది. గాలి ఎప్పుడూ మా గడ్డి వైపే ఉండేది. అందుకని పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పైపు పెట్టి గడ్డికి స్నానం చేయించేవాళ్ళం. సరిగ్గా ఆ వేళకే కాలనీలో ఆడవాళ్ళు ఎండిన నల్లాల ముందు బిందెలు వరుసపెట్టి కూర్చునేవాళ్ళు.

ఒక ఎండాకాలం ఆ వరుస కాలనీలోంచి లేచి ఆఫీసుకు వచ్చింది. వచ్చినవాళ్ళు అరవలేదు. ఖాళీ బిందెలు పక్కన పెట్టుకుని తడి గడ్డి మీద కూర్చున్నారు. నేను బతిమాలడానికి వెళ్తే ఒకామె నానిన కొంగు పిండి చూపించింది.

"చల్లగున్నది సారూ. మేం ఈన్నే ఉంటం. మా క్వార్టర్లల్ల మీరు ఉండుండ్రి."

అప్పుడే మా ఏరియాకు కొత్తగా పెద్దసారు వచ్చాడు. కోస్తా వైపు మనిషి, మాట మెత్తన. ఆ సాయంత్రమే గడ్డికి వెళ్ళే పైపు కోయించి ఆ నీళ్ళు కాలనీకి ఇప్పించాడు. మంచి పని. ఆ తరువాత నన్ను పిలిచి, "ఆఫీసు ముందు మట్టి కనిపించకూడదండీ. నీళ్ళు తాగని తోట ఒకటి కావాలి నాకు. వారంలో చెప్పండి" అన్నాడు.

నాకు తెలిసినంతలో నీళ్ళు తాగనిది సున్నం కొట్టిన రాయి ఒక్కటే. ఆరు రోజులు తిండి సయించలేదు. ఏడో రోజు నన్ను గట్టెక్కించినవాడు కాక.

కాక మా తోటమాలి. అందరూ అలాగే పిలిచేవాళ్ళు కనుక నేనూ పిలిచేవాణ్ణి. కమాన్‌పూర్ దగ్గరి పల్లె. ఇరవై ఏళ్ళకు పైగా బాయిలో, అంటే భూగర్భ గనిలో, తట్టతో బొగ్గు ఎత్తాడు. ఒక రోజు పైకప్పు నుంచి బండ ఊడి నడుము మీద పడింది. బాయిలో దిగడానికి పనికిరాడని కంపెనీ దవాఖానాలో తేల్చి, పైన లైట్ జాబ్ ఇచ్చారు. బరువు ఎత్తకూడదు, ఎక్కువసేపు నిలబడకూడదు అని డాక్టరు రాశాడు. తోటలో ఆ వీలుంది. నడుము పట్టేసినప్పుడు నేల మీద కూర్చుని, కూర్చున్న చోటే కలుపు తీసేవాడు. నొప్పి తగ్గాక లేచేవాడు. రిటైరయ్యేదాకా ఆ కాస్త కూర్చునే అవకాశం ఉంటే చాలని ఆయన కోరిక. అంతకు మించి కంపెనీని ఏదీ అడగలేదు.

"ఏంది సారు, మొకం గట్ల పెట్టినవ్?" అన్నాడు.

చెప్పాను.

"గింతేనా. రాకాసి మట్టలు పెట్టు."

కిత్తనారను మా వైపు అలాగే అంటారు. చేతిపొడుగు దళసరి మట్టలు, అంచులకు రంపపు పళ్ళు, కొసకు సూది లాంటి ముల్లు. పశువులు చేలో పడకుండా గెట్ల మీద వేసేది. నాకు నవ్వొచ్చింది.

"గెట్ల మీది కంప తెచ్చి ఆఫీసు ముంగట పెట్టాల్నా కాకా?"

"గెట్టు మీదుంటె కంప. ఆఫీసు ముంగటుంటె డిజైను. నీళ్ళడగయి. మేకలు ముట్టయి. మీద బొగ్గు పడ్డా కిక్కురుమనయి. అచ్చం బాయి పనోళ్ళ లెక్క."

ఎలా పెట్టాలో కూడా చెప్పాడు. రాళ్ళూ మొరమూ పోసి గుట్టలా ఎత్తు చేయాలి. నీరు నిలవకూడదు. పిలకను లోతుగా పాతకూడదు, కూర్చోబెట్టినట్టు పెట్టాలి. నీళ్ళు ఎండాకాలంలో నెలకొకసారి చాలు, లేకపోయినా చావదు.

నేను ఆ మధ్యాహ్నం లైబ్రరీకి వెళ్ళి, ఒక పాత పత్రికలో అలాంటి తోటల బొమ్మలు చూసి, వాటిని ఇంగ్లీషులో ఏమంటారో రాసుకొచ్చాను. మర్నాడు పెద్దసారు బల్ల మీద మూడు పేజీల నోటు పెట్టాను. కరువును తట్టుకునే దళసరి ఆకుల మొక్కలతో అలంకార శిలా ఉద్యానం అని దాని పేరు. నీలం పెన్సిలుతో బొమ్మ గీశాను. నెలకొకసారికి మించి నీరు పెట్టరాదు అని కింద గీత గీసి మరీ రాశాను. చివర నా సంతకం. కాక చెప్పినవి ఒక్క ముక్క పోకుండా అన్నీ ఉన్నాయి, కాక తప్ప.

"చాలా బాగుందండీ. ఎవరి ఆలోచన?" అన్నాడు పెద్దసారు.

మొరం నమూనా గంపలో పట్టుకుని కాక తలుపు దగ్గరే ఉన్నాడు.

"నాదే సార్" అన్నాను.

కాక గంప కింద పెట్టి కూర్చున్నాడు. నడుము నొప్పి అనుకున్నాను. ఇప్పటికీ అలా అనుకోవడమే సుఖం.

ట్రాక్టరు తీసుకుని కాకే వాళ్ళ ఊరి గెట్ల మీది పిలకలు తవ్వుకొచ్చాడు. ఊళ్ళో వాళ్ళు "ఏం కాకా, కంపెనీల ముండ్లు తక్కువైనయా?" అన్నారట. పనికిరాని ఒక బొగ్గు టబ్బును గుట్ట మీద ఒరగబెట్టి అందులో అన్నిటికన్నా పెద్ద మొక్కను పెట్టాడు. మిగతావి చుట్టూ రాళ్ళ మధ్య సర్దాడు. ఏడాది తిరిగేసరికి నీలి బూడిద రంగులో, రాతితో చెక్కినట్టు, నిజంగానే చూడముచ్చటగా తయారయ్యాయి. బొగ్గు పొడి పడితే వానకు కడుక్కునేవి. వచ్చిన అధికారులు ఫోటోలు దిగారు. శ్రీరాంపూర్ ఏరియా నుంచి కూడా వచ్చి చూసి వెళ్ళారు. నేను బెత్తంతో ఒక్కో మొక్కను చూపిస్తూ ఉపన్యాసం ఇచ్చేవాణ్ణి. కాక మాటలనే కాస్త ఇంగ్లీషు కలిపి చెప్పేవాణ్ణి. ఆయన పక్కనే కూర్చుని వినేవాడు. నేనేదైనా మరిచిపోతే అందించేవాడు కూడా.

అంత సుఖంగా ఉన్న చోటికి గడియారం ఆయన వచ్చాడు.

ఏ పనికి ఎందరు మనుషులు కావాలో తేల్చడానికి పై ఆఫీసు పంపిన మనిషి. మెడలో గడియారం, చేతిలో అట్ట, అట్టకు కాగితాలు. ఫస్టు షిఫ్టు మొదలు కాగానే తోట ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. కాక లేచినప్పుడు గడియారం నొక్కేవాడు, కూర్చోగానే ఆపేవాడు. కాక గాలికి వచ్చిన నాలుగు కాగితాలు ఏరాడు. ఎండిన మట్ట ఒకటి కోశాడు. ఆ తరువాత చేయడానికి ఏమీ లేదు. మొక్కలు ఊరికే ఉన్నాయి. కాక ఊరికే ఉన్నాడు. గడియారం ఊరికే ఉంది. షిఫ్టు ముగిశాక ఆయన లేచి నా చెయ్యి పట్టుకుని ఊపాడు.

"అద్భుతమైన తోట వేశారు. దీనికి మనుషులే అక్కర్లేదు. వచ్చే నెల ఇంకోసారి చూసి ఖాయం చేస్తాను."

నా జీవితంలో అంత భయపెట్టిన పొగడ్త ఇంకోటి లేదు. మాలీలు అక్కర్లేని తోటకు సూపర్‌వైజర్ ఎందుకు అని ఆయన అడగలేదు. ఆ ప్రశ్న నేనే వేసుకున్నాను. మిగులు తేలిన సూపర్‌వైజర్లను ఓపెన్‌కాస్టులో షిఫ్టులకు వేసేవారు. అక్కడ నీడ అంటే డంపర్ కింది నీడే.

మర్నాడు కాకను పిలిచాను.

"కాకా, ఇయ్యాల్టి సంది పొద్దుగాల ఓమాటు, మాపటికి ఓమాటు నీళ్ళు పొయ్యాలె."

"దేనికి?"

"మట్టలకు."

"కుళ్ళుతయి సారు. నెలకొక్కపారే అని నువ్వే రాసిస్తివి గద."

"రాసుడు వేరు, చేసుడు వేరు. పని కనవడాలె. లేకుంటె నీ లైట్ జాబ్ పోతది. నీ గురించే చెప్తున్న."

కాక, "నా గురించే" అన్నాడు. తరువాత, "అట్లయితె గీ ముచ్చట కాయితం మీద రాసియ్యి" అన్నాడు.

"మన నడుమ కాయితాలేంది కాకా" అన్నాను. ఆయనను అన్నేళ్ళలో అంత తియ్యగా పిలిచింది అప్పుడే.

పైపు కోసేశారు కదా, నీళ్ళు ఎక్కడివి? ఆకుల మీది బొగ్గు పొడి కడగాలని రాసి ట్యాంకరు మంజూరు చేయించాను. ఆ ట్యాంకరు అంతకుముందు మా కాలనీకి వచ్చేది. నా భార్య రెండో రోజే కనిపెట్టింది.

"రెండొద్దులాయె మన కాలనీకి ట్యాంకర్ రాక. నీ ముండ్ల చెట్లకు ట్యాంకర్ పోతున్నదట, నిజమేనా?"

"ఆఫీసు పని, నీకు తెల్వది."

"అవు, నాకేం తెల్సు. ఆ రాకాసి మట్టలే నయం. అడగకముందే తాపుతున్నరు. నేను కూడ ఓ ముల్లు పెట్టుకోవాలె కావచ్చు."

రోజూ షిఫ్టు చివర పనుల పుస్తకంలో నీళ్ళు పోయుట, రెండు సార్లు అని నేను రాసేవాణ్ణి. పక్కన కాక వేలిముద్ర. నెలకు గడియారం ఆయన మళ్ళీ వచ్చి, ట్యాంకరు, పైపు, తడి, బురద అన్నీ చూసి తృప్తి పడ్డాడు. ఇద్దరు మాలీలు, ఒక సూపర్‌వైజరు తప్పనిసరి అని రాసి వెళ్ళాడు.

అప్పుడైనా ఆపవచ్చు. ఆపలేదు. ఒకసారి పుస్తకంలోకి ఎక్కిన పని మా దగ్గర దేవుడు దిగొచ్చినా ఆగదు. వానాకాలం వచ్చింది. ముసురులో గోనెసంచి నెత్తిన వేసుకుని కాక, ఆయన పక్కన గొడుగు పట్టుకుని నేను, రాకాసి మట్టలకు నీళ్ళు పోసిన రోజులున్నాయి. దారిన పోయే షిఫ్టు వాళ్ళు సైకిళ్ళు ఆపి చూసేవాళ్ళు.

"కాకా, వాన పడ్తున్నది, ఎర్కేనా?"

"వాన పుస్తకంల ఎక్కదు బిడ్డా" అనేవాడు కాక.

దసరా నాటికి మట్టలు పసుపు తిరిగాయి. మొదళ్ళు మెత్తబడ్డాయి. దగ్గరికి వెళ్తే పులిసిన కుడితి వాసన. కాక రెండుసార్లు చెప్పాడు. నేను రెండుసార్లూ చూద్దాం అన్నాను. అంతలో పై ఆఫీసు నుంచి చాలా పెద్దాయన వస్తున్నాడని కబురు. పెద్దవాళ్ళు వస్తున్నారంటే మా దగ్గర రోడ్డు పక్క రాళ్ళకు సున్నం, చెట్ల మొదళ్ళకు ఎర్ర జాజు, గేట్లకు రంగు. మూడు రోజుల్లో ఊరంతా కొత్తదవుతుంది. నేనూ తోటకు కావలసింది చేశాను. పంపుహౌసు తలుపులకు తెచ్చిన ఆకుపచ్చ రంగు అర డబ్బా మిగిలి ఉంది. దాన్ని మట్టలకు వేయించాను.

"దవాఖానకు కొంటవోవాల్సినోనికి పౌడర్ రాస్తున్నం" అన్నాడు కాక, కుంచె ముంచుతూ.

వచ్చిన పెద్దాయనకు మొక్కలంటే నిజంగానే ఇష్టమట. మెడలో వేసిన దండ తీసి పక్కవాళ్ళకు ఇవ్వగానే నేరుగా తోటలోకి నడిచాడు. పెద్దసారు నా గురించి నాలుగు మంచి మాటలు చెప్పాడు. పెద్దాయన వంగి పెద్ద మట్టను ఆప్యాయంగా నిమిరాడు. అరచెయ్యి ఆకుపచ్చగా వచ్చింది. ఆయన రుమాలుతో తుడుచుకుని, "మా ఇంటికి ఒక పిలక ఇప్పించండి" అన్నాడు. కాక ఒక పిలకను మెల్లగా కదిపాడు. పిలకతో పాటు తల్లి మొక్క మొత్తం, ఉడికిన గడ్డ లాగా, టబ్బులోంచి ఆయన బూట్ల మీదికి జారింది. వాసనకు అందరూ రెండడుగులు వెనక్కి వేశారు.

"ఎడారి మొక్కను నీళ్ళలో ముంచి చంపారా? ఎలా సాధ్యమైంది?" అన్నాడాయన నవ్వుతూ. ఆయన నవ్వాడు కనుక పెద్దసారు నవ్వలేకపోయాడు. మర్నాడే ఎంక్వయిరీ వేశాడు.

ఎంక్వయిరీ ఒక చిన్న గదిలో. బల్లకు అటు ఎంక్వయిరీ చేసే అధికారి, ఇటు నేను, కాక. చార్జిషీటు కాకకు. అజాగ్రత్తగా అతిగా నీరు పోసి కంపెనీ ఆస్తికి నష్టం కలిగించినందుకు.

"పుస్తకంల వేలిముద్ర నీదేనా?" అన్నాడు అధికారి.

"నాదే."

"ఎవరు పొయ్యమన్నరు?"

"గీ సారే పొయ్యమన్నడు. కుళ్ళుతయన్న, ఇనలే."

అధికారి నా వైపు తిరిగాడు. నేను ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. ఆయన ముందు నా మూడు పేజీల నోటు ఉంది. నెలకొకసారికి మించి నీరు పెట్టరాదు, కింద గీత, కింద నా సంతకం. అలా రాసినవాడు రోజుకు రెండుసార్లు పోయమంటాడని ఎవరు నమ్ముతారు? కాక దగ్గర దొంగిలించిన మాటలే కాక మీద సాక్ష్యం చెప్పాయి. అవి చాలు. అయినా నేను ఊరుకోలేదు, దయ కూడా చూపించాను.

"పెద్దమనిషి సార్. బాయిల బొగ్గెత్తినాయన, మొక్కల సంగతి తెలువది. మంచి మనసుతోనే పోసి ఉంటడు. జర చూసి చెయ్యుండ్రి."

ఆ గదిలో, ఆ మాటకొస్తే ఆ ఏరియాలో, ఆ మొక్కల సంగతి తెలిసిన ఒకే ఒక మనిషి కాక. ఆయన నా వైపు చూడలేదు. బల్ల మీద ఉన్న తన వేలిముద్రల వైపు చూస్తూ ఉన్నాడు.

నా దయ పనిచేసింది. నౌకరీ పోలేదు. తోట నుంచి తీసి బొగ్గు బంకర్ దగ్గర వేశారు. బొగ్గు బెల్టు మీద పోతుంటే పక్కన నిలబడి రాళ్ళు ఏరే పని. షిఫ్టంతా నిలబడాలి. బెల్టు కూర్చున్నవాడి కోసం ఆగదు. డాక్టరు రాసిన కాగితం సంగతి కాక ఒకసారి నన్ను అడిగాడు, పైకి పంపమని. పంపిస్తానని తీసుకున్నాను. అది పైకి వెళ్తే ఎంక్వయిరీ మళ్ళీ తెరుస్తారేమోనని నా సొరుగులో ఉంచుకున్నాను. రెండేళ్ళు ఉంది అక్కడ. ఈ కథలో నేను ఎవరికీ చెప్పకుండా దాటేయాలనుకున్న వాక్యం ఇదే.

తోట జాగాలో సిమెంటు కొంగలు పెట్టించాం. వాటికి ఇద్దరు మాలీలు, ఒక సూపర్‌వైజరు. షిఫ్టు వదిలే వేళకు బంకర్ రోడ్డు మీద కాక ఎదురవుతాడని నేను స్కూటరును చుట్టు దారిన తిప్పుకుని ఇంటికి వెళ్ళేవాణ్ణి. ఒకరోజు నా భార్య అడిగింది.

"కాక నడుము పట్టుకొని కరెంటు స్తంభానికి ఆనుకుంట పోతున్నడు. కూసుండే పనే అంటివి గద?"

"ముసలోడైండు" అన్నాను.

ఆమె కూర గిన్నె నా ముందు పెట్టి లోపలికి వెళ్ళింది. వడ్డించలేదు.

తొంభైల మొదట్లో కాక రిటైరయ్యాడు. మా దగ్గర ఎవరు రిటైరైనా ఒక సభ ఉంటుంది. షామియానా, మైకు, దండ, శాలువా, మిక్స్చరు, చాయ్. పాత విభాగం నుంచి ఒకరు మాట్లాడాలి కనుక నన్ను పిలిచారు. వెళ్ళాను. పెద్దసారు అప్పటికి బదిలీ అయ్యాడు. ఎంక్వయిరీ అధికారీ బదిలీ అయ్యాడు. ఫైలు మూతపడింది. నిజం చెప్పినా నా వెంట్రుక కూడా ఊడని రోజు చూసుకుని నా మనస్సాక్షి నిద్ర లేచింది.

మైకు ముందు మాత్రం అది మళ్ళీ పడుకుంది. కాక క్రమశిక్షణ గల కార్మికుడు, చెప్పిన పని చెప్పినట్టు చేసేవాడు అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. కాక భార్య ముందు వరుసలో కూర్చుని ఉంది. ఆమె కొట్టలేదు.

చాయ్‌లు ఇస్తున్నప్పుడు కాక పక్క కుర్చీలో కూర్చున్నాను. దండ ఆయన ఒళ్ళో ఉంది. కుర్చీలో కూడా నడుము ఒక పక్కకు ఒంచుకుని కూర్చున్నాడు. నేను గొంతు తగ్గించి చెప్పడం మొదలుపెట్టాను. ఆలోచన నీదని, నీళ్ళు నేనే పొయ్యమన్ననని, గదిలో అబద్ధం ఆడిననని, డాక్టరు కాగితం పైకి పంపలేదని. చివరిది ఆయనకు తెలియదనుకున్నాను.

కాక చాయ్ చల్లారేదాకా విన్నాడు.

"గివన్ని నాకెందుకు చెప్తున్నవ్ సారు? నాకు తెల్సినయే గద. కాయితం సంగతి గూడ తెల్సు, నీ కాడి అటెండరే చెప్పిండు. తెల్వనోళ్ళకు చెప్పు."

షామియానా కింద యాభై మంది దాకా ఉన్నారు. అందరూ మిక్స్చరు తింటున్నారు. అందరికీ తెలిసింది ఒకటే, కాక తెలివితక్కువగా నీళ్ళు పోసి ఆఫీసు తోటను కుళ్ళబెట్టాడని. ఆ రెండేళ్ళు బెల్టు దగ్గర ఆయనను చూసి ఏడిపించింది కూడా ఆ మాట పట్టుకునే.

అప్పుడే మైకు అద్దెకిచ్చినాయన వైరు చుట్టుకుంటూ మా దగ్గరికి వచ్చాడు.

"సార్, ఇంకెవరన్న మాట్లాడేది ఉన్నదా? మైకు తీసెయ్యాల్నా?"

కాక నా వైపు చూడలేదు. ఎటో చూస్తూ, నేను ఏమంటానో వినడానికి చాయ్ గ్లాసు నోటి దగ్గర ఆపాడు.

"తీసెయ్యి" అన్నాను.